బత్తా లెక్క: అమెరికా ట్రక్కు డ్రైవర్ల తిండి డబ్బు వెనక వందేళ్ల కథ

 మైకు ముందు గబగబా చెప్పేసిన సంగతుల్ని తేదీలూ అంకెలూ సరిచూసుకుని, కొంచెం నిదానంగా ఇక్కడ రాస్తున్నాను. డ్యూటీ బ్రేకులో చదువుకోండి. ట్రక్కు తోలేవాళ్లయితే బండి ఆపాకే చదవండి.

అమెరికాలో రోజుల తరబడి రోడ్డు మీదే ఉండే డ్రైవర్ పే స్టబ్‌లో చాలాసార్లు రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి, మైలుకి ఇన్ని సెంట్ల చొప్పున జీతం. రెండోది పర్ డియమ్, అంటే రోజువారీ తిండి ఖర్చు కింద ఇచ్చే డబ్బు. మొదటిదాని మీద టాక్స్ పడుతుంది. రెండోదాని మీద పడదు. రెండూ ఒకే బ్యాంకు ఖాతాలోకి వస్తాయి, రెండూ ఇంటి అద్దెకో, ఊళ్లో అప్పు తీర్చడానికో పోతాయి. మరి ఒకదానికి ఆ పేరు, ఇంకోదానికి ఈ పేరు ఎందుకొచ్చాయి? ఆ పేరు వల్ల డ్రైవర్‌కి ఎంత మిగులుతుంది, ఎంత పోతుంది? ఈ వారం మనం తవ్వింది ఈ విషయమే.

ఒక మాట ముందే చెప్పేస్తా. నేను టాక్స్ ప్రిపేరర్‌ని కాదు, చరిత్ర చెప్పేవాణ్ణి. మీ సొంత ఫైలింగ్‌కి లైసెన్సున్న మనిషిని అడగండి. కాకపోతే ఈ కథ తెలిసి వెళ్తే ఆ మనిషిని ఏం అడగాలో తెలుస్తుంది.

మనకి కొత్త సంగతేం కాదు

పర్ డియమ్ లాటిన్ మాట. "రోజుకి" అని అర్థం. మన దగ్గర దీనికి చక్కటి మాట ఉంది: బత్తా. విజయవాడ ఆటోనగర్‌లో లోడెక్కే లారీ డ్రైవర్‌ని అడిగినా, హైదరాబాద్‌లో ఔట్‌స్టేషన్ క్యాబ్ తోలే కుర్రాణ్ణి అడిగినా జీతం వేరు, బత్తా వేరు అని ఠక్కున చెప్తారు. కొన్ని చోట్ల బేటా అంటారు. సినిమా షూటింగుల్లోనూ ఆ మాట ఉంది. ఆఫీసు భాషలో అదే భత్యం అయింది: ప్రయాణ భత్యం, కరువు భత్యం. పాత తెలుగులో బత్తెం అంటే రోజు తిండికిచ్చే డబ్బు.

ఈ డబ్బు కోసం గొడవలు కూడా పాతవే. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో సైన్యం తన స్థావరం వదిలి బయటికి వెళ్తే అదనంగా బత్తా ఇచ్చేవాళ్లు. బెంగాల్లో అధికారులకి మామూలు బత్తాకి రెట్టింపు అలవాటైపోయింది. అది ఆపమని లండన్ నుంచి డైరెక్టర్లు రాస్తూ వచ్చారు. చివరికి 1766లో రాబర్ట్ క్లైవ్ దాన్ని కోసేశాడు. దాంతో కంపెనీ తెల్ల అధికారులే కూడబలుక్కుని మూకుమ్మడిగా రాజీనామాలకి దిగారు. క్లైవ్ గట్టిగా అణిచేశాడు. పేరుకి అది తిండి ఖర్చు. తీసుకునేవాళ్ల మనసులో మాత్రం జీతం. ఈ రెండు చూపుల మధ్య తేడా అమెరికా దాకా మన వెంట వస్తుంది.

ఇంట్లో ఉన్నా తినేవాడివే కదా

అమెరికాలో ఆదాయపు పన్ను ఇప్పుడున్న రూపంలో 1913లో మొదలైంది. కొద్ది ఏళ్లకే ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. పని మీద ఊరు వెళ్లి హోటల్లో తిన్నవాడు ఆ ఖర్చు తన ఆదాయంలోంచి తీసేసుకోవచ్చా? ప్రభుత్వం మొదట ఇంటి పెద్ద లాగా జవాబిచ్చింది: ఇంట్లో ఉన్నా తినేవాడివే కదా, అక్కడయ్యే ఖర్చు కన్నా ఎంత ఎక్కువయిందో అంతే తీసుకో. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఒక్కో మనిషి ఇంట్లో ఎంత తింటాడో ఎవడు లెక్కేస్తాడు? ఆ తలనొప్పి భరించలేక 1921 రెవెన్యూ చట్టంలో రూలు మార్చారు. పని కోసం ఇంటికి దూరంగా ఉన్నప్పుడు భోజనం, బస ఖర్చు మొత్తం తీసేసుకోవచ్చన్నారు. డ్రైవర్ల తిండి డబ్బుకి చట్టంలో వేరు ఇక్కడుంది.

తర్వాత రుజువుల గొడవ. జార్జ్ ఎం. కోహన్ అని బ్రాడ్‌వే నాటకాల పెద్ద పేరు. ప్రయాణాలకీ, విందులకీ బాగా ఖర్చు పెట్టేవాడు, రసీదులు మాత్రం దాచలేదు. 1930లో న్యూయార్క్ అప్పీల్ కోర్టులో జడ్జి లెర్నెడ్ హాండ్ ఏమన్నాడంటే, ఖర్చు అయిందన్నది ఖాయమైనప్పుడు రసీదు లేదని సున్నా వేయకూడదు, అంచనా వేసైనా కొంత ఇవ్వాలి. దీన్నే కోహన్ రూలు అంటారు. ముప్ఫై ఏళ్లు అది నడిచింది. కంపెనీ ఖర్చు మీద విలాసాలు ఎక్కువయ్యాయని 1961లో కెనడీ కాంగ్రెస్‌కి చెప్పాడు. 1962 చట్టంతో ప్రయాణ ఖర్చులకి అంచనాలు చెల్లవు, ఎంత, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నది రాసిపెట్టుకోవాలి అని తేలింది.

నాటకాల దొరల విందుల కోసం పెట్టిన రూలు ట్రక్కు స్టాప్‌లో ఎగ్ శాండ్‌విచ్ కొనే డ్రైవర్ మీద కూడా పడింది. ఆ ఇబ్బంది తగ్గించడానికే తర్వాత రోజువారీ రేటు వచ్చింది. ప్రతి ఇడ్లీకీ రసీదు చూపించక్కర్లేదు, రోజుకి ఇంత అని లెక్కేసుకో, కానీ ఏ రోజు ఎక్కడున్నావో చూపించు అన్నారు. ఆ చూపించే కాగితం డ్రైవర్ దగ్గర ఎలాగూ ఉంటుంది. ఒకప్పుడు లాగ్ బుక్కు, 2017 డిసెంబర్ నుంచి చాలా బళ్లలో ఎలక్ట్రానిక్ లాగ్.

నిద్రపోతేనే తిండి లెక్క

ఇంటికి దూరంగా అంటే ఎంత దూరం? దీనికి జవాబు దూరంలో దొరకలేదు, నిద్రలో దొరికింది. 1961లో ఒక రైలు కండక్టర్ కేసు వచ్చింది. ఒక ట్రిప్పుకీ ఇంకో ట్రిప్పుకీ మధ్య అట్లాంటాలో ఆరు గంటల విరామం. రాత్రంతా కాకపోయినా గది తీసుకుని పడుకోక తప్పదు. అప్పీల్ కోర్టు అతని పక్షం వహించింది. పని ముగించడానికి మధ్యలో నిద్ర, విశ్రాంతి తప్పనిసరైతే అది ఇంటికి దూరంగా ఉన్నట్టే అంది.

దాని రెండో ముఖం 1967లో సుప్రీం కోర్టులో కనిపించింది. టెనెస్సీలో హోమర్ కొరెల్ అనే సేల్స్‌మన్ హోల్‌సేల్ కిరాణా కంపెనీ తరఫున తిరిగేవాడు. తెల్లారకముందే బయల్దేరి, టిఫినూ మధ్యాహ్న భోజనమూ రోడ్డు మీదే తిని, రాత్రి భోజనానికి ఇంటికొచ్చేవాడు. ఆ రెండు పూటల ఖర్చు తీసేసుకుంటానన్నాడు. కుదరదంది కోర్టు. నిద్ర గానీ విశ్రాంతి గానీ అవసరమయ్యే ప్రయాణమైతేనే భోజనం లెక్కలోకి వస్తుందన్న ప్రభుత్వ రూలు సబబేనంది. ముగ్గురు జడ్జీలు ఒప్పుకోలేదు. అయినా రూలు నిలబడింది, ఇవాళ్టికీ అదే నడుస్తోంది. రాత్రికి ఇంటికొచ్చే లోకల్ డ్రైవర్‌కి టాక్స్ లేని పర్ డియమ్ రాదు. స్లీపర్ క్యాబ్‌లో పడుకునేవాడికి వస్తుంది. ఒకే యార్డులో పక్కపక్కనే బళ్లు పెట్టే ఇద్దరికి రెండు రకాల పే స్టబ్‌లు రావడానికి ఒక కారణం అరవై ఏళ్ల నాటి కొరెల్ టిఫిన్.

ఓవర్‌టైం లేని పని

ఇక్కడ జీతం వైపు కథ కూడా కలపాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

1935లో మోటార్ క్యారియర్ చట్టం వచ్చి ట్రక్కుల వ్యాపారాన్ని ప్రభుత్వ అదుపులో పెట్టింది. 1938లో కనీస వేతనం, ఓవర్‌టైం ఇచ్చే కార్మిక చట్టం వచ్చింది. కానీ డ్రైవర్ల పని గంటలు వేరే సంస్థ చూసుకుంటుంది కదా అని రాష్ట్రాల మధ్య నడిచే ట్రక్కు డ్రైవర్లని ఓవర్‌టైం నుంచి తప్పించారు. ఆ మినహాయింపు ఇప్పటికీ ఉంది. వారానికి డెబ్భై గంటలు పనిచేసినా ఫెడరల్ చట్టం ప్రకారం ఒకటిన్నర రెట్లు ఇవ్వక్కర్లేదు. కనీస వేతనం మాత్రం వాళ్లకీ వర్తిస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

చట్టం ఇవ్వనిదాన్ని కొంతకాలం యూనియన్ ఇప్పించింది. 1964 జనవరిలో జిమ్మీ హోఫా టీమ్‌స్టర్స్ యూనియన్ తరఫున దేశమంతటికీ ఒకే ఒప్పందం కుదిర్చాడు. నాలుగు లక్షల మందికి పైగా డ్రైవర్లు దాని కిందికి వచ్చారు. తర్వాత 1980 జులై 1న జిమ్మీ కార్టర్ సంతకంతో ట్రక్కుల రంగం పోటీకి తెరుచుకుంది. వేల కొత్త కంపెనీలు పుట్టాయి, సరుకు రవాణా రేట్లు పడ్డాయి, యూనియన్ చిక్కిపోయింది, డ్రైవర్ల నిజ వేతనం దిగింది. మైకేల్ బెల్జర్ అనే ఆర్థికవేత్త 2000లో ఈ పరిస్థితి మీద రాసిన పుస్తకానికి చక్రాల మీది చెమట దుకాణాలు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. జీతం పెంచకుండా చేతికొచ్చే డబ్బు పెంచే దారి ఏదైనా ఉందా అని కంపెనీలు వెతికే కాలం వచ్చింది. తిండి డబ్బు అక్కడ పనికొచ్చింది.

ఎనభై, యాభై, మళ్లీ ఎనభై

వ్యాపారస్తుల లంచ్‌ల మీద జనంలో కోపం ఉండేది. మూడు మార్టినీల లంచ్ అని కార్టరే ఎన్నికల్లో ఎగతాళి చేశాడు. 1986 పన్ను సంస్కరణలో భోజనం ఖర్చులో ఎనభై శాతమే తీసేసుకోవచ్చన్నారు. ఉద్యోగి సొంత ఖర్చులైతే ఆదాయంలో రెండు శాతం దాటినంత వరకే అని ఇంకో అడ్డు పెట్టారు. 1993 చట్టంతో 1994 నుంచి ఎనభై కాస్తా యాభై అయింది. ఇంట్లో ఉన్నా తినేవాడివే కదా అన్న 1921కి ముందటి పాత వాదన ఇలా సగం వెనక్కొచ్చిందన్నమాట.

లంచ్ మీటింగుల కోసం దిగిన కత్తి మళ్లీ రోడ్డు మీది మనిషికే తగిలింది. డ్రైవర్లు, రైలు సిబ్బంది, విమాన సిబ్బంది తరఫున గొడవ జరిగితే 1997లో కాంగ్రెస్ కాస్త కరిగింది. ఫెడరల్ పని గంటల రూల్స్ కింద పనిచేసేవాళ్లకి 1998 నుంచి మెల్లగా పెంచుతూ 2008కి ఎనభై శాతం చేశారు. ఇప్పటికీ అదే ఎనభై.

రోజు రేటు కూడా పెరుగుతూ వచ్చింది. రవాణా పనివాళ్లకి ఐఆర్ఎస్ ప్రత్యేక రేటు 2015 అక్టోబర్ నుంచి 63 డాలర్లు, 2018 అక్టోబర్ నుంచి 66, 2021 అక్టోబర్ నుంచి 69, 2024 అక్టోబర్ నుంచి 80. ఇది దేశంలోపల తిరిగే రోజుకి. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు ముప్పావు వంతు, అంటే 80లో 60.

2017లో తలుపు మూసుకుంది

అప్పటిదాకా కంపెనీ పర్ డియమ్ ఇవ్వకపోయినా జీతం డ్రైవర్‌కి ఒక సొంత దారి ఉండేది. 2017లో 250 రోజులు బయట ఉన్నాడనుకోండి. రోజుకి 63 డాలర్లలో ఎనభై శాతం 50 డాలర్ల 40 సెంట్లు. ఏడాదికి 12,600. అతని ఆదాయం 60,000 అయితే అందులో రెండు శాతం, 1,200 తీసేస్తే 11,400 మిగులుతుంది. ఒంటరి మనిషికి ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ 6,350 మాత్రమే. కాబట్టి ఖర్చులు విడివిడిగా చూపించుకోవడమే లాభం. కంపెనీని బతిమాలే పని లేదు. లాగ్ చూపించి తన హక్కు తను తీసుకునేవాడు.

2017 డిసెంబర్‌లో వచ్చిన పన్ను చట్టం 2018 నుంచి ఈ దారి మూసేసింది. ఉద్యోగి సొంత ఖర్చుల మినహాయింపు ఫెడరల్ ఫారంలోంచి పోయింది. బదులుగా స్టాండర్డ్ డిడక్షన్ 12,000కి పెంచారు, రేట్లు కొంచెం తగ్గించారు. కొందరికి అది సరిపోయింది, ఏడాదంతా రోడ్డు మీదుండేవాళ్లలో చాలామందికి సరిపోలేదు. 2025 దాకానే అనుకున్న ఆ మూత 2025 జులై 4న వచ్చిన చట్టంతో శాశ్వతమైంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల పన్నులో మాత్రం పాత దారి ఇంకా ఉంది.

నా లెక్కలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. డబ్ల్యూ-2 మీద పనిచేసే డ్రైవర్‌కి తిండి డబ్బు మీద టాక్స్ తప్పించే వీలు 2018 నుంచి కంపెనీ ప్లాన్ ద్వారా మాత్రమే. ఇవ్వాలా వద్దా, మైలుకి ఎన్ని సెంట్లు, అందుకోసం జీతంలో ఎంత కోత అన్నది కంపెనీ రాస్తుంది. అంతకుముందు తిండి లెక్క డ్రైవర్ చేతిలో ఉండేది. ఇప్పుడు అది కంపెనీ జీతం లెక్కలో ఒక భాగం.

లెక్కేసి చూద్దాం

ఒక డ్రైవర్, భార్య ఇంట్లోనే ఉంటుంది, ఇద్దరూ కలిపి ఫైల్ చేస్తారు. మైలుకి 60 సెంట్లు, వారానికి 2,500 మైళ్లు, ఏడాదికి 50 వారాలు. మొత్తం 75,000 డాలర్లు. కంపెనీ ప్లాన్‌లో చేరితే 48 సెంట్లు జీతం, 12 సెంట్లు పర్ డియమ్. 1,25,000 మైళ్లకి 15,000 డాలర్లు టాక్స్ లేని డబ్బు అవుతుంది.

ఆదాయపు పన్నులో పన్నెండు శాతం శ్లాబులో ఉంటాడు కాబట్టి 1,800 మిగులు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం, అంటే దాదాపు 1,150. మొత్తం ఏడాదికి సుమారు 2,950 డాలర్లు చేతిలో ఎక్కువ. చిన్న మొత్తమేం కాదు.

ఇప్పుడు రెండో వైపు. కంపెనీ కూడా తన వాటా 7.65 శాతం కట్టక్కర్లేదు, దానికీ దాదాపు 1,150 మిగులు. భోజనం ఖర్చులో ఎనభై శాతమే తీసేసుకోవాలన్న పరిమితి ఇక్కడ కంపెనీకి వర్తిస్తుంది. ఆ పేరు చెప్పి కొన్ని కంపెనీలు ప్లాన్‌లో చేరినవాళ్లకి మైలు రేటు ఒకటో రెండో సెంట్లు తగ్గిస్తాయి. మన డ్రైవర్‌కి ఒక సెంటు తగ్గిస్తే ఏడాదికి గ్రాస్‌లో 1,250 డాలర్లు. రెండు సెంట్లయితే 2,500. టాక్స్‌లో మిగిలిందంతా దాదాపు అక్కడికే పోతుంది. అందుకే చేరే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ప్లాన్ లేకపోతే నా రేటెంత, ప్లాన్‌లో చేరితే రెండూ కలిపి ఎంత?

మైళ్ల లెక్కన తిండి డబ్బు ఏంటి, ఎక్కువ తోలితే ఎక్కువ ఆకలేస్తుందా అని మీరు నవ్వొచ్చు. కానీ షరతులతో ఐఆర్ఎస్ దీన్ని ఒప్పుకుంటుంది. రోజు రేటు దాటిన భాగం మాత్రం జీతం కింద లెక్క. జీతం తగ్గించి, దాన్నే ఖర్చు పేరుతో తిరిగిస్తూ, బయటికెళ్లని రోజు అదే మొత్తాన్ని జీతంగా ఇస్తే అది వేషం మార్చిన జీతమేనని 2012లో ఐఆర్ఎస్ తేల్చి చెప్పింది కూడా.

ఒకే డాలరు, రెండు పేర్లు

ఇందాక కనీస వేతనం మాట గుర్తుపెట్టుకోమన్నాను కదా. వెర్నర్ ఎంటర్‌ప్రైజెస్ అనే పెద్ద ట్రక్కుల కంపెనీ మీద డ్రైవర్లు వేసిన కేసు నెబ్రాస్కా నుంచి అప్పీల్ కోర్టుకెళ్లింది. వాళ్ల వాదన సూటిగా ఉంది. పర్ డియమ్ ఖర్చుల డబ్బు, జీతం కాదు. కాబట్టి కనీస వేతనం ఇచ్చారా లేదా అని చూసేటప్పుడు దాన్ని కలపకూడదు. దాన్ని తీసేస్తే కొన్ని వారాలు కనీస వేతనం కన్నా తక్కువ వచ్చినట్టు అవుతుంది.

2018లో కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. ఆ డబ్బు తోలిన మైళ్లని బట్టి మారుతోంది, అంటే చేసిన పనికిచ్చే ప్రతిఫలమే, కాబట్టి కనీస వేతనం లెక్కలో కలపొచ్చు అంది. ఒకే డాలరు పన్ను ఆఫీసు దగ్గర తిండి, కనీస వేతనం దగ్గర జీతం!

2021లో ఇంకో అప్పీల్ కోర్టులో ఊరూరా తిరిగి పనిచేసే నర్సుల కేసు వచ్చింది. వాళ్ల పర్ డియమ్ కూడా పని గంటల్ని బట్టి మారేది. కోర్టు అదే తర్కంతో అది జీతమే అంది. కాబట్టి ఓవర్‌టైం లెక్కలో కలపాలి, నర్సులకి ఎక్కువ ఇవ్వాలి. చూశారా, తర్కం ఒకటే. నర్సుకి ఓవర్‌టైం ఉంది గనక లాభం. ట్రక్కు డ్రైవర్‌కి 1938లోనే ఓవర్‌టైం తీసేశారు గనక అతనికి మిగిలింది నష్టం వైపే.

ముసలితనం దగ్గర తేలే లెక్క

పర్ డియమ్ కింద వచ్చిన డబ్బు సోషల్ సెక్యూరిటీ రికార్డులో కనపడదు. పెన్షన్‌ని 35 ఏళ్ల సంపాదన సగటు మీద కడతారు. మధ్య వయసులో దేశం మారినవాడికి ఆ 35లో చాలా ఏళ్లు ఎలాగూ సున్నాలే. మన డ్రైవర్ పదేళ్లు ఏటా 15,000 చొప్పున పర్ డియమ్‌లో తీసుకుంటే రికార్డులో 1,50,000 తగ్గుతుంది. 420 నెలలకి పంచితే నెల సగటులో 357 డాలర్లు. అలాంటి ఆదాయాల దగ్గర పెన్షన్ లెక్క 32 శాతం, అంటే నెలకి సుమారు 114 డాలర్లు తక్కువ, బతికినంత కాలం. ఆ పదేళ్లలో సోషల్ సెక్యూరిటీ కింద అతనికి మిగిలింది 9,300. పెన్షన్ మొదలైన ఏడేళ్లకి అది కరిగిపోతుంది. ధరల సర్దుబాటు పక్కన పెట్టి వేసిన మోటు లెక్క ఇది. దిశ తెలుసుకోవడానికి చాలు.

భారత్‌కీ అమెరికాకీ మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. ఇండియాలో కట్టిన పీఎఫ్ సర్వీసు ఇక్కడ కలవదు, ఇక్కడ 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్లు, పూర్తికావాలి. పర్ డియమ్ వల్ల క్రెడిట్లు మామూలుగా తగ్గవు, ఎందుకంటే ఏడాదికి కొన్ని వేల డాలర్ల జీతంతోనే నాలుగూ వస్తాయి. తగ్గేది పెన్షన్ మొత్తం. అలాగే నిరుద్యోగ భృతి, చాలాచోట్ల గాయం పరిహారం, ఇంటి లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు చూసే ఆదాయం కూడా డబ్ల్యూ-2 అంకె చుట్టూనే తిరుగుతాయి.

గల్ఫ్‌లో వింటున్నవాళ్లకి ఈ వాసన తెలిసే ఉంటుంది. యూఏఈలో గ్రాట్యుటీ బేసిక్ మీదే కడతారు, మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్. నెలకి 2,000 దిర్హమ్‌ల్లో బేసిక్ 1,200, మిగతాది ఫుడ్, ఇతర అలవెన్సులు అయితే ఐదేళ్లకి 4,200 వస్తుంది. అంతా బేసిక్ అయితే 7,000. చేతికొచ్చే నెల డబ్బు అదే, వెళ్లేటప్పుడు తేలేది వేరు. మన దేశంలోనూ రవాణా సిబ్బందికి వేరే డీఏ లేకపోతే బత్తాలో 70 శాతం, 2008 సెప్టెంబర్ నుంచి నెలకి 10,000 రూపాయల దాకా, పాత పన్ను పద్ధతిలో మినహాయింపు ఇస్తూ వచ్చారు.

ఇల్లు లేనివాడికి దూరం లేదు

ఇంకో మెలిక. అద్దె దండగని గది ఖాళీ చేసి ట్రక్కులోనే కాపురం పెట్టే కుర్రాళ్లున్నారు. పన్ను చట్టం అడిగేది: ఇంటికి దూరంగా ఉన్నావా? ఇల్లే లేకపోతే దూరం ఎక్కడిది? 1973 నాటి ఐఆర్ఎస్ రూలు మూడు సంగతులు చూస్తుంది. ఆ ఊళ్లో పనితో సంబంధం ఉందా, బయటున్నా ఇంటి ఖర్చు భరిస్తున్నావా, ఆ ఊరితో బంధం నిలిచి ఉందా. ఏదీ లేకపోతే నువ్వు సంచారివి, తిండి మినహాయింపు రాదు. అద్దె మిగిల్చినవాడికి పర్ డియమ్ మీద ప్రశ్న రావచ్చు. పేరుకి ఇల్లుంటే చాలదు, దానికి మీరు డబ్బు కడుతున్న ఆధారం ఉండాలి.

1099 మీద తోలేవాళ్లకి, సొంత ట్రక్కున్నవాళ్లకి 2017 చట్టం తగల్లేదు. వాళ్లు షెడ్యూల్ సి లో రోజుకి 80లో ఎనభై శాతం, 64 డాలర్లు ఇప్పటికీ తీసేసుకోవచ్చు. 250 పూర్తి రోజులకి 16,000. కానీ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రెండు వాటాలూ వాళ్లే కట్టాలి. తిండి మినహాయింపు ఒక్కటి చూసి 1099కి మారమంటే తొందరపడకండి.

మన ఐటీ వాళ్లకీ ఒక మాట

ట్రక్కుల్లో మనకన్నా పంజాబీ సోదరులే ఎక్కువ. కానీ పర్ డియమ్ అన్న మాట అమెరికా తెలుగువాళ్ల ఇళ్లలోకి కన్సల్టెన్సీల ద్వారా ఎప్పుడో వచ్చింది. జీతం కొంత, పర్ డియమ్ కొంత అని ఆఫర్ లెటర్లు చూసినవాళ్లు మీలో ఎంతమందో. 1992 చట్టం ప్రకారం ఒకే చోట పని ఏడాది దాటుతుందని తెలిస్తే అది తాత్కాలికం కాదు, అక్కడ టాక్స్ లేని పర్ డియమ్ చెల్లదు. హెచ్-1బీకి ఇవ్వాల్సిన వేతనం కూడా పన్ను పట్టుకున్న జీతంగానే పేరోల్‌లో కనిపించాలి. ఖర్చుల డబ్బుతో ఆ అంకె పూరించకూడదు. ఇక్కడ తేడా వస్తే పన్నుతో ఆగదు, వీసా దాకా వస్తుంది.

చివరగా

పర్ డియమ్ మోసమని నేననను. రోడ్డు మీద తిండి ఖరీదు, ఆ ఖర్చు నిజం. పిల్లల ఫీజు ఈ నెలే కట్టాల్సినవాడికి ఏడాదికి 2,950 డాలర్లు ఇవాళ కావాలి, ముప్ఫై ఏళ్ల తర్వాతి 114 కాదు. ఎవరి అవసరం వాళ్లది. కానీ ఆ ఎంపిక తెలిసి చేయాలి.

కాబట్టి చేరే ముందు కంపెనీని నాలుగు అడగండి. ప్లాన్ ఉన్నా లేకపోయినా మొత్తం మైలు రేటు ఒకటేనా? ఏడాది మధ్యలో బయటికి రావచ్చా? 401 కె వాటా, సెలవు జీతం ఏ అంకె మీద కడతారు? దెబ్బ తగిలితే పరిహారం ఏ అంకె మీద? జవాబులు నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి. ఏడాదికొకసారి సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీ సంపాదన రికార్డు తెరిచి చూసుకోండి. లాగ్‌లు, ఇంటి అద్దె రసీదులు కనీసం మూడేళ్లు దాచండి. కోహన్ లాగా జడ్జి అంచనా మీద ఆధారపడే రోజులు 1962లోనే పోయాయి.

వచ్చే ఎపిసోడ్‌లో డిటెన్షన్ డబ్బు, అంటే గోదాముల దగ్గర గంటలకొద్దీ ఊరికే నిలబెట్టే సమయానికి ఎవరు కట్టాలన్న సంగతి మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్తగా తోలండి, వేళకి తినండి.